లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గర్భం, నెలసరి, స్త్రీల ఆరోగ్యం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు రెండు సందేహాల చుట్టూ తిరిగాయి. రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? ఏ అంకె దాటితే కంగారుపడాలి? అందుకే జవాబుల్లో తేదీలూ కొలతలూ కాస్త ఎక్కువగానే ఉంటాయి. పేర్లు వేయొద్దని కోరినవాళ్లే ఎక్కువ కాబట్టి అందరి పేర్లూ తీసేశాం.

ప్రశ్న: పెళ్లయి సరిగ్గా 30 రోజులు. నెల తప్పితే స్కాన్ తీయించారు. రిపోర్టులో "ఆరు వారాల గర్భం" అని ఉంది. అప్పటినుంచి ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. స్కాన్ తప్పా డాక్టర్ గారూ?

స్కాన్ తప్పు కాదు, మీ తప్పు అసలే లేదు. గర్భాన్ని భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టరు. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. అండం ఏ రోజు విడుదలైందో ఎవరికీ తెలియదు, నెలసరి వచ్చిన తేదీ మాత్రం గుర్తుంటుంది. అందుకే ఈ పద్ధతి. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారిలో అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. అంటే లెక్కలోని మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ లేని రోజులే. ఆరు వారాల గర్భమంటే లోపలి పిండం వయసు నాలుగు వారాలు, అంటే 28 రోజులు. మీ 30 రోజులతో చక్కగా సరిపోతోంది. ఈ పేజీ తీసుకెళ్లి ఇంట్లోవాళ్లకు చూపించండి.

కాన్పు తేదీ కూడా ఇదే లెక్క. ఆఖరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలపాలి. సులువుగా, ఉజ్జాయింపుగా చెప్పాలంటే తేదీకి ఏడు రోజులు, నెలకు తొమ్మిది నెలలు. మార్చి 10న నెలసరి వస్తే డిసెంబరు 17. నెలసరి 35 రోజులకోసారి వచ్చేవారిలో అండం ఒక వారం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి మరో ఏడు రోజులు కలపాలి. తేదీ గుర్తులేకపోయినా, నెలసరి క్రమంగా రాకపోయినా మొదటి మూడు నెలల్లో తీసే స్కానే ఆధారం. అప్పుడు తల నుంచి పిరుదుల దాకా పిండం పొడవు కొలుస్తారు. ఆ దశలో పిల్లలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి తేడా వచ్చినా ఐదు నుంచి ఏడు రోజులే. ఎనిమిదో నెల స్కాన్‌లో బిడ్డ రెండు వారాలు చిన్నగా కనిపించిందని కాన్పు తేదీ వెనక్కి జరపకూడదు. అక్కడ అనుమానించాల్సింది తేదీని కాదు, బిడ్డ ఎదుగుదలను. ఇక సరిగ్గా ఆ తేదీనే కాన్పయ్యేది నూటికి నలుగురైదుగురికే.

ప్రశ్న: ఇంట్లో టెస్ట్ చేసుకుంటే రెండో గీత చాలా పలచగా వచ్చింది. ఉన్నట్టా, లేనట్టా?

ఎప్పుడు చూశారన్నదే అసలు విషయం. కిట్ మీద రాసిన సమయంలో, సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాల్లో, రంగున్న గీత కనిపిస్తే పలచగా ఉన్నా సరే గర్భం ఉన్నట్టే. పడేసిన కిట్‌ను అరగంట తర్వాత మళ్లీ తీసి చూస్తే కనిపించే బూడిదరంగు గీతను పట్టించుకోవద్దు. అది మూత్రం ఆరిపోవడంతో మిగిలే మరక. పది నిమిషాలు దాటాక ఏ గీతకూ విలువ లేదు.

ఈ కిట్ పసిగట్టేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను. పిండం గర్భాశయం గోడకు అతుక్కున్నాకే అది తయారవుతుంది. అండం విడుదలయ్యాక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది. తర్వాత తొలి వారాల్లో సుమారు రెండు మూడు రోజులకోసారి అది రెట్టింపవుతూ పోతుంది. అందుకే నెలసరి రావాల్సిన రోజుకన్నా ముందే చేస్తే గర్భం ఉన్నా లేదనే చూపించవచ్చు. లేదని వచ్చి, నెలసరి కూడా రాకపోతే రెండు మూడు రోజులాగి, పొద్దున్నే మొదటిసారి వెళ్లే మూత్రంతో మళ్లీ చేయండి. ఎక్కువ నీళ్లు తాగి చేస్తే మూత్రం పలచబడి గీత రాకపోవచ్చు.

గర్భం ఉందని వచ్చాక పొత్తికడుపులో ఒకవైపే నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనపడటం వీటిలో ఏది ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గర్భం ట్యూబులో ఉన్నా కిట్ మాత్రం ఉందనే చెబుతుంది. ఎక్కడ ఉందో చెప్పేది స్కానే.

ప్రశ్న: ఎనిమిదో వారంలో గర్భం సంగతి తెలిసింది. అప్పుడే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాను. ఆలస్యమైందా?

బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే నాళం ఫలదీకరణ జరిగిన 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. పై లెక్క ప్రకారం అది ఆరో వారం. చాలామందికి అప్పటికి నెల తప్పి రెండు వారాలే అయివుంటుంది. అందుకే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమంటాం. ఈ ఒక్క పనికి మాత్రం మీరు మొదలుపెట్టింది ఆలస్యమే. అలాగని మానొద్దు, 12 వారాల దాకా కొనసాగించండి. రక్తం తయారవడానికీ ఫోలిక్ యాసిడ్ కావాలి. ఈ మాత్ర వేసుకోని తల్లుల బిడ్డల్లోనూ అత్యధికులకు ఏ లోపమూ ఉండదు. 18 నుంచి 22 వారాల మధ్య తీసే స్కాన్‌లో వెన్నెముకను ప్రత్యేకంగా చూస్తారు, దాన్ని మాత్రం తప్పించుకోవద్దు.

ఇంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవారికి, మూర్ఛకు మందులు వాడేవారికి 400 మైక్రోగ్రాములు చాలవు. 4 లేదా 5 మిల్లీగ్రాముల మాత్రను డాక్టర్ రాయాలి. మల్టీవిటమిన్లు నాలుగైదు మింగి ఆ మోతాదు తెచ్చుకోవాలని చూస్తే వాటితోపాటు విటమిన్ ఎ కూడా హద్దు దాటుతుంది. అది బిడ్డకు హాని చేస్తుంది.

ప్రశ్న: ఇప్పుడు 26వ వారం. మూడో నెలలో హిమోగ్లోబిన్ 12 ఉండేది, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా 10.8కి పడిపోయింది. పైగా మలం నల్లగా వస్తోంది, వికారం. మాత్రలు మానేయనా?

మానొద్దు. వేసుకునే తీరు మార్చండి.

ముందు ఆ అంకె సంగతి. గర్భంలో రక్తంలోని నీటి భాగం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, ఎర్రకణాలు మాత్రం 20 నుంచి 30 శాతమే. ఉన్న కణాలు ఎక్కువ నీటిలో పలచబడతాయి. అందుకే రక్తహీనత హద్దు మొదటి మూడు నెలల్లో, చివరి మూడు నెలల్లో 11 గ్రాములైతే మధ్య మూడు నెలల్లో 10.5. మీ 10.8 ఇవాళ్టికి హద్దుపైనే ఉంది. 28వ వారం దాటాక ఇదే అంకె రక్తహీనత కిందికి వస్తుంది. ఇప్పుడు మాత్రలు మానేస్తే జరిగేది అదే.

నల్లని మలం ఒంటికి పట్టని ఇనుము రంగు. దానితో ప్రమాదమేమీ లేదు. మాత్ర పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం దాన్ని దేనితో కలిపి మింగుతున్నారన్నదే. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర, అసిడిటీ మందు ఇవన్నీ ఇనుమును పేగు పీల్చుకోకుండా అడ్డుపడతాయి. వీటికీ ఐరన్ మాత్రకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారైతే దానికీ ఐరన్‌కూ నాలుగు గంటలు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, విటమిన్ సి ఉన్న పుల్లటి పండ్ల రసంతో వేసుకుంటే బాగా పడుతుంది. వికారం భరించలేకపోతే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. అప్పటికీ కుదరకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. ఒక మోతాదు ఇనుము లోపలికి వెళ్లగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, సుమారు ఒక రోజు పాటు పేగు ఇనుమును తక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. ఒకే రోజు రెండుమూడు మాత్రలు మింగితే ఒంటికి పట్టేది అంతంతమాత్రం, మలబద్ధకం మాత్రం ఖాయం.

అట్ట మీద అంకెతోనూ జాగ్రత్త. ఫెర్రస్ ఫ్యూమరేట్ 200 మిల్లీగ్రాములని రాసి ఉంటే అందులో అసలు ఇనుము సుమారు 65 మిల్లీగ్రాములే. చూడాల్సింది "ఎలిమెంటల్ ఐరన్" పక్కనున్న అంకె. రక్తహీనత లేని గర్భిణికి రోజుకు అది 30 నుంచి 60 సరిపోతుంది. రక్తహీనత ఉండి, సరిగ్గా వేసుకుంటూ కూడా నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే మాత్ర బ్రాండు మార్చి లాభం లేదు. బి12 లోపం, తలసీమియా లక్షణం (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం), పేగుల్లో నులిపురుగులు ఉన్నాయేమో చూడాలి. నాలుగో నెల నుంచి సెలైన్‌లో ఐరన్ ఎక్కించే దారి ఉంది. కాన్పయ్యాక కూడా కనీసం ఆరు వారాలు మాత్రలు ఆపొద్దు.

ప్రశ్న: ఏడో వారం. రెండు రోజులుగా కొద్దికొద్దిగా రక్తం మరక కనిపిస్తోంది. స్కాన్‌లో గుండె కొట్టుకుంటోందన్నారు. మంచం దిగకుండా పడుకోవాలా? నాది ఓ నెగెటివ్.

మంచానికే అతుక్కుపోతే గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదు. పైగా కదలకుండా పడుకుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మామూలు పనులు చేసుకోండి. రక్తం ఆగేదాకా బరువులెత్తడం, భార్యాభర్తలు కలవడం మానుకుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుంది, అంతే. గుండె చప్పుడు కనిపించాక ఇలాంటి మరకలున్న గర్భాల్లో ఎక్కువ నిలుస్తాయి. ఇంతకుముందు గర్భస్రావమైనవారికి ఇలా రక్తం కనిపిస్తే యోనిలో పెట్టుకునే ప్రొజెస్టరాన్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. మొదటి గర్భంలో అందరికీ దాని అవసరం ఉండదు.

నెగెటివ్ గ్రూపు సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. బిడ్డ తండ్రి గ్రూపు పాజిటివ్ అయితే 12 వారాలు దాటాక ఎప్పుడు రక్తం కనిపించినా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా ఆపేది) కావాలి. 12 వారాల్లోపు కొద్దిపాటి మరకలకు ఇవ్వాలా వద్దా అన్నది మీ డాక్టర్ నిర్ణయిస్తారు. 28వ వారంలో ఒకటి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే మళ్లీ 72 గంటల్లో ఒకటి ఎలాగూ ఉంటాయి. ప్యాడ్ గంటలోనే తడిసిపోతూ, వరుసగా రెండు గంటలు అలాగే అయితే రాత్రనీ పగలనీ చూడకుండా బయల్దేరండి.

ప్రశ్న: తొమ్మిదో నెల. బిడ్డ కదలికలు తగ్గాయి. "నెలలు నిండాక చోటు చాలక అలాగే తగ్గుతాయిలే" అంటున్నారు పెద్దవాళ్లు.

తగ్గవు. పెద్దవాళ్ల మాటల్లో ఈ ఒక్కదాన్ని మాత్రం వినకండి. ఈ మాట నమ్మి ఒక రోజు ఆగడం వల్ల జరిగే నష్టం ఇక పూడ్చలేనిది. 32 వారాల తర్వాత కదలికల సంఖ్య పెరగకుండా ఒక చోట నిలబడుతుంది, కాన్పు దాకా అలాగే ఉంటుంది. తీరు మారవచ్చు. తన్నడం పోయి మెలితిరగడం, దొర్లడం ఎక్కువవుతాయి. లెక్క మాత్రం తగ్గదు.

బిడ్డ కూడా నిద్రపోతుంది. ఒక విడతకు 20 నుంచి 40 నిమిషాలు, 90 నిమిషాలు దాటడం అరుదు. అనుమానమొస్తే ఏదైనా తిని, ఎడమవైపు తిరిగి పడుకుని, టీవీ, ఫోన్ పక్కనపెట్టి లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. ఎక్కిళ్లను లెక్కలో కలపొద్దు. పది వచ్చినా, రోజూ ఉండే తీరుకు భిన్నంగా ఉందనిపిస్తే కూడా వెళ్లండి. మీ బిడ్డ అలవాటు మీకు తెలిసినంతగా ఏ అంకెకూ తెలియదు. ఇంట్లో డాప్లర్ యంత్రంతో గుండె చప్పుడు విని ఊరుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. బిడ్డ నీరసించిపోయిన చాలాసేపటి దాకా కూడా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒక్కోసారి వినిపించేది తల్లి నాడి కావచ్చు.

మొదటి గర్భంలో కదలిక తెలిసేది సుమారు 20వ వారంలో. మాయ ముందువైపు ఉంటే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. 24 వారాలు నిండినా అసలేమీ తెలియకపోతే చూపించుకోవాలి.

ప్రశ్న: గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలో పరగడుపున 94, గంటకు 160, రెండు గంటలకు 131. మామూలువాళ్లకి పరగడుపున 100 లోపు ఉంటే మంచిదే కదా! నాకు షుగర్ అంటున్నారేమిటి?

గర్భిణికి హద్దులు వేరు. 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్షలో పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 హద్దులు. వీటిలో ఏ ఒక్కటి తాకినా గర్భకాల మధుమేహమే. మీకు తాకింది మొదటిది. 2008లో వెలువడిన హాపో అనే అధ్యయనం 23,000 మందికి పైగా గర్భిణులను గమనించింది. తల్లి చక్కెర పెరిగే కొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్, పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోవడం మెట్టుమెట్టుగా పెరుగుతూ పోయాయని తేలింది. ఈ హద్దులు అందులోంచి వచ్చినవే. కొన్ని పద్ధతుల్లో పరగడుపు హద్దు ఇంకొంచెం పైన ఉంటుంది, అందుకే వేరే చోట వేరే మాట వినిపించవచ్చు.

మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వవు. 24 వారాల తర్వాత ఆ ఒత్తిడి బాగా పెరుగుతుంది. మీరు తీపి ఎక్కువ తిన్నందుకు పడిన శిక్ష కాదిది. ఇకపై పరగడుపున 95 లోపు, తినడం మొదలుపెట్టిన గంటకు 140 లోపు ఉండేలా చూసుకోవాలి. తిన్నాక పది పదిహేను నిమిషాల నడక బాగా పనిచేస్తుంది. ఒకటి రెండు వారాల్లో అంకెలు దిగకపోతే మందు తప్పదు. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డ దగ్గరికి వెళ్లదు, భయపడొద్దు. కాన్పయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఇదే పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే.

ప్రశ్న: 33వ వారం, బీపీ 142/92. నాకైతే ఏ బాధా లేదు. ఉప్పు మానేస్తే చాలా?

ఉప్పు మానినా ఇది తగ్గదు. 20 వారాల తర్వాత 140/90 దాటి, నాలుగు గంటలాగి చూసినా అలాగే ఉంటే మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు అదే రోజు చేయించాలి. ప్రొటీన్ కూడా పోతుంటే అది ప్రీఎక్లాంప్సియా. ముదిరితే ఫిట్స్ వస్తాయి, పెద్దలు గుర్రపు వాతం అనేది దాన్నే. కాళ్ల వాపు ఒక్కటే అయితే గర్భంలో మామూలే. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం మాత్రం ప్రమాద సంకేతాలు. 160/110 అయితే ఏ బాధా లేకపోయినా అత్యవసరమే. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా గర్భంలో వాడదగినవి. ఇంట్లో ఎవరికో రాసిన టెల్మిసార్టన్, ఎనాలాప్రిల్ వంటివి వేసుకుంటే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాన్పుతో ముప్పు తీరిందనుకోవద్దు. కాన్పయ్యాక మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ మళ్లీ ఎక్కుతుంది.

ప్రశ్న: బాబుకు నాలుగు నెలలు. నా పాలే ఇస్తున్నాను. నెలసరి రాలేదు. మళ్లీ గర్భం వచ్చే అవకాశం ఉందా?

మూడు షరతులూ ఉంటే అవకాశం నూటికి రెండుకన్నా తక్కువ: బిడ్డకు ఆరు నెలలు నిండకపోవడం, నెలసరి రాకపోవడం, పాలు తప్ప వేరే ఏదీ పెట్టకుండా పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు మించి ఎడం రానీయకపోవడం. ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే. నెలసరి వచ్చాక చూద్దామనుకోవద్దు. అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత వస్తుంది. కాపర్-టి, ప్రొజెస్టరాన్ మాత్రమే ఉన్న మాత్రలు పాలిచ్చేవారికి సరిపోతాయి. ఈస్ట్రోజెన్ కూడా కలిసిన మామూలు గర్భనిరోధక మాత్రలు ఆరు నెలల దాకా వద్దు.

ప్రశ్న: నాకు పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండం క్రమంగా విడుదల కాని సమస్య. నాలుగైదు నెలలకోసారి నెలసరి. ఇప్పట్లో పిల్లలు వద్దు కాబట్టి వదిలేయవచ్చా?

వద్దు. అండం విడుదల కాని నెలల్లో ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ గర్భాశయం లోపలి పొరను మందం చేస్తూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కనీసం మూడు నెలలకోసారైనా ఆ పొర రాలాలి. దానంతటది రాకపోతే ప్రొజెస్టరాన్ మాత్రలతో తెప్పిస్తారు. ఆ మాత్రలకు ముందు గర్భం లేదని టెస్ట్ చేసుకోండి, ఎందుకంటే ఏ నెలలోనైనా అండం విడుదల కావచ్చు. బరువు ఎక్కువ ఉంటే ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందిలో నెలసరి దారికొస్తుంది.

ప్రశ్న: తెల్లబట్ట అవుతోంది. రోజూ లోపలంతా సబ్బుతో కడుక్కుంటున్నా తగ్గడం లేదు.

కడగడం ఆపండి, సగం సమస్య అదే. యోనిలోని మేలుచేసే బ్యాక్టీరియా దాన్ని ఆమ్లగుణంలో ఉంచి కాపాడుతుంది, సబ్బు దాన్ని చంపేస్తుంది. వాసన, దురద లేని తెల్లని స్రావం మామూలే. విరిగిన పాలలా గడ్డలుగా ఉండి దురద పెడితే ఫంగస్, బూడిదరంగులో చేపల వాసన వస్తే బ్యాక్టీరియా, పచ్చగా నురుగుతో ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి. మూడింటికీ మందులు వేరు. ఆఖరిదానికి భర్త కూడా మందు వాడాలి.

ప్రశ్న: వయసు 52. నెలసరి ఆగి 14 నెలలైంది. మొన్న రెండు రోజులు కొద్దిగా రక్తం కనిపించి ఆగిపోయింది. మళ్లీ నెలసరి మొదలైందేమో!

వరుసగా 12 నెలలు రాకపోతే నెలసరి ఆగిపోయినట్టు లెక్క. ఆ తర్వాత కనిపించే రక్తం ఒక్క చుక్కైనా నెలసరి కాదు. చాలామందిలో కారణం లోపలి పొర పలచబడి ఎండిపోవడమో, చిన్న కండో. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. ఆ ఒక్కరు మీరు కాదని తేల్చుకోవడానికే పరీక్ష. యోని ద్వారా తీసే స్కాన్‌లో గర్భాశయం లోపలి పొర మందం కొలుస్తారు. 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువైతే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. అంతకన్నా ఎక్కువైనా, రక్తం మళ్లీ కనిపించినా సన్నని గొట్టంతో కొద్దిగా ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఎక్కువమందికి మత్తు కూడా అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. పాప్ స్మియర్ బాగుందని దీన్ని మానుకోవద్దు. అది చూసేది గర్భాశయ ముఖద్వారాన్ని, లోపలి పొరను కాదు.